పూస లేని తీగ

మొదటి నమోదు. వెలుగు పక్షం, ఐదో రోజు

ఇది లోపాల పుస్తకం కాదు. అందులో రాసే ధైర్యం లేక ఈ పాత కొలతల నోటుబుక్కులో రాసుకుంటున్నాను. లోపాల పుస్తకం ఎర్ర అట్టది. కరెంటు విభాగం గోడకి గొలుసుతో వేలాడుతూ ఉంటుంది. చలువగుట్టలో ప్రతి విభాగానికీ అలాంటిదొకటి ఉంది. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎవరి చేతి మీదుగా చెడింది అని మూడు గళ్లలో రాయాలి. వెలుగు పక్షం ఆఖరి రోజున భోజనాల హాల్లో అందరి ముందూ పైకి చదవాలి. చంద్రుడి మీద ఒకరి పొరపాటు ఇంకొకరి ఊపిరి తీస్తుంది కాబట్టి ఏదీ దాచుకోకూడదని మొదట వచ్చినవాళ్లు పెట్టిన ఆచారం ఇది. మా విభాగం పుస్తకం ఇరవై రెండేళ్లుగా నేనే చదువుతున్నాను. సూరీడమ్మ చదివితే తప్పు కూడా పాఠంలా ఉంటుందని మెచ్చుకునేవారు. ఆ మెప్పే నన్ను ఈ నోటుబుక్కు దాకా తెచ్చింది.

నిన్న మధ్యాహ్నం భోజనాల హాల్లో తవిటినాయుడు బాబాయ్‌కి షాక్ కొట్టింది. ఆయనకి అరవై మూడేళ్లు. బయట మంచు తవ్వేవాళ్ల చేతి తొడుగులు కుట్టేది ఆయనొక్కడే. ఎడమ మణికట్టుకి మట్టి తీగ కట్టుకుని, కుడి చేత్తో టీ కెటిల్ అందుకున్నాడు. అరవను కూడా అరవలేదు, అలాగే బిగుసుకుపోయాడు. కరెంటు దారి తప్పితే ఆపేసే లీకేజీ స్విచ్ పడింది గానీ, ఆ వరుసలోది పాతది, ఆలస్యంగా పడింది. గుండె లయ తప్పి మళ్లీ దారికొచ్చింది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కాలిపోయాయి.

"వేళ్లు ఉంటాయి. స్పర్శ సంగతి మాత్రం నేను చెప్పలేను" అంది డాక్టర్ నాజియా, కట్టు కడుతూ.

ఆ కెటిల్‌ని రెండు నెలల కిందట బాగుచేసింది పార్వతీశం. నా కింద పనిచేసేవాడే. విప్పి చూస్తే లోపలి తీగ తొడుగు అరిగి రేకుకి తగులుతోంది, ఎర్తు పిన్ను వదులైపోయి ఉంది. సూపర్‌వైజర్ కళాధర్ గారు అక్కడికక్కడే అతని పనిముట్ల పెట్టె లాక్కున్నారు. తర్వాత ఎర్ర పుస్తకం తెరిపించి నాచేత రాయించారు. లోపం: కెటిల్. కారణం: వదులైన పిన్ను. ఎవరి చేతి మీదుగా: పార్వతీశం. నా గుండ్రటి అక్షరాలతోనే రాశాను.

అప్పటికే బాబాయ్ చేతి నుంచి ఊడదీసిన తీగ నా జేబులో ఉంది. చుట్ట చుట్టి నేనే పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకు తెలుసు.

రెండో నమోదు. ఆరో రోజు

మట్టి తీగలు మొదలుపెట్టిందే నేను.

బయట తిరిగి వచ్చినవాళ్ల సూటుకి ధూళి అంటుకుని వస్తుంది. దాంతోపాటే నిలవ కరెంటూ వస్తుంది. ద్వారం దగ్గరున్న ఇత్తడి కడ్డీని ముట్టుకుని దాన్ని స్థావరం లోహపు చట్రంలోకి వదిలెయ్యాలి. లేకపోతే ఎక్కడో ఒకచోట నిప్పురవ్వ లేస్తుంది. ఇది నిజం, ఇందులో వాదన లేదు. ఎన్నిసార్లు చెప్పినా జనం కడ్డీ ముట్టుకోవడం మరిచిపోతున్నారని, నాలుగేళ్ల కిందట భోజనాల హాల్లో ఒక ప్రదర్శన పెట్టాను. మీటరు ఒక కొస చట్రానికి, ఇంకో కొస మనిషి చేతికి. మూడు ఓల్టులు చూపించింది. కడ్డీ ముట్టుకోమన్నాను. సున్నా అయింది. హాలంతా చప్పట్లు.

ఆ మూడు ఓల్టులు నిలవ కరెంటు కానే కాదు. గోడల్లో పరిగెత్తే కరెంటు నీడ ఒంటి మీద పడితే, మీటరు దాన్ని చూపిస్తుంది. కడ్డీ ముట్టుకుంటే మనిషీ చట్రమూ ఒకే మెట్టు మీదికి వస్తారు, తేడా సున్నా అవుతుంది. ఇద్దరు ఒకే మెట్టు మీద నిలబడినంత మాత్రాన ఎవరి జబ్బూ నయం కాదు. ఒంట్లోకి వచ్చేదీ ఒంట్లోంచి పోయేదీ లెక్కకి రానంత. ఇదంతా నాకు ఆ రోజే తెలుసు. చప్పట్ల మధ్య చెప్పబుద్ధి కాలేదు.

వంటలు చూసుకునే సన్నాసమ్మ కడ్డీ పట్టుకుని, "ఓలమ్మ, నా మోకాలు తేలికైపోనాదే" అంది. మర్నాడు నలుగురు వచ్చారు. తర్వాతి వారం ఇరవైమంది.

విత్తనాల పరీక్ష కోసం కింది నుంచి తెచ్చిన ఎర్రమట్టి పీపా ఒకటి మా దగ్గర ఉంది. భూమి మా నెత్తి మీద కనిపిస్తున్నా మేము దాన్ని కింద అనే అంటాం. తవిటినాయుడు బాబాయ్ ఆ పీపా గుర్తుచేశాడు.

"కడ్డీదేటుంది, ఒట్టి ఇత్తడే కదమ్మా. మట్టికి కడితే ఇంకా మంచిది కాదేటి? మనం మట్టిలోంచి వచ్చినోలం."

పీపాని భోజనాల హాల్లోనే పెట్టి చట్రానికి బిగించి, దానికి నలభై ఒక్క తీగలు నేనే కట్టాను. భోజనాలయ్యాక ఒక గంట, తీగ చేతికి చుట్టుకుని పీపా చుట్టూ కూర్చోవడం అలవాటైంది. దానికి మట్టి పూట అని పేరు పెట్టుకున్నారు. మట్టిలోంచి సన్న కరెంటు వచ్చి ఒంట్లో వాపు తీసేస్తుందని చెప్పుకునేవారు. వింటూ నవ్వేదాన్ని, కాదని ఎప్పుడూ అనలేదు. అప్పటిదాకా సూరీడమ్మ అన్నవాళ్లు సూరీడమ్మగారు అనసాగారు. వాళ్లు మునగచెట్టు ఎక్కించారు, నేను ఎక్కి కూర్చున్నాను.

ఒక్క మంచి పని మాత్రం చేశాను. ప్రతి తీగకీ మణికట్టు దగ్గర ఒక రెసిస్టరు పెట్టాను. చిన్నది, గోధుమరంగుది. అందరూ దాన్ని పూస అనేవారు. పది లక్షల ఓములు. పూస ఉంటే, పొరపాటున చేతికి రెండువందల ముప్ఫై ఓల్టులు తగిలినా ఒంట్లోంచి పోయేది మిల్లీ ఆంపియర్‌లో పావు వంతు కూడా ఉండదు. మనిషికి తెలియను కూడా తెలియదు. పూస లేకపోతే అదే కరెంటు అయిదారు వందల రెట్లు ఎక్కువగా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది.

బాబాయ్ తీగకి పూస లేదు. ఏ తీగకీ లేదు.

మూడో నమోదు. ఏడో రోజు

నాజియాది గుంటూరు. పోయినేడు వచ్చింది. వచ్చిన నెలకే సన్నాసమ్మ మోకాలి మాత్రలు మానేసిందని తెలిసి నా దగ్గరికొచ్చింది.

"సూరీడమ్మగారూ, మీకు ఈ తీగ మీద నమ్మకముందా?"

"హాని లేదు కదండీ" అన్నాను.

"నేనడిగింది అది కాదు" అంది.

ఇలాంటి తీగల మీద కింద ఎవరెవరో చేసిన పరీక్షల కాగితాలు తెప్పించి చదివింది. పదిమంది మీదా పన్నెండుమంది మీదా చేసినవి చాలా ఉన్నాయనీ, ఇలాంటి తీగలు కుట్టిన పరుపులు అమ్మే వ్యాపారంతో సంబంధమున్నవాళ్లు చేసినవి అందులో కలిశాయనీ చెప్పింది. మనమే ఒకటి చేద్దాం, పద్ధతిగా చేద్దాం అంది. నన్నే సాయం అడిగింది.

ఇరవై నాలుగు మందిని తీసుకున్నాం. పన్నెండు తీగలు మామూలువి. పన్నెండు తీగలు తొడుగు లోపల నేను తెంపేశాను, పైకి తేడా కనిపించదు. ఏది ఎవరిదో జాబితా రాసి కవరులో పెట్టి అంటించాను. మూడు వారాలు నాజియా ఆ జాబితా చూడకుండానే అందరినీ నొప్పి ఎంత, నిద్ర ఎంత అని అడిగి రాసుకుంది. చివర్లో కవరు విప్పింది. మంచి తీగలవాళ్లలో ఎనిమిదిమందికి నొప్పి తగ్గింది. తెగిన తీగలవాళ్లలో తొమ్మిదిమందికి తగ్గింది. ఎవరి తీగ ఏదో పేర్లు చెప్పకుండా, అంకెలు మాత్రం భోజనాల హాల్లో చదివింది.

 అప్పుడు బాబాయ్ లేచాడు.

"పూసే అడ్డొస్తన్నాది. మట్టిలో మంచి ఒంట్లోకి రాకుండా పూస ఆపేస్తన్నాది. అందుకే రెండూ ఒకలాగున్నాయి. ఏటమ్మా సూరీడూ, కాదంటావేటి?"

అందరూ నావైపు తిరిగారు. నాజియా కూడా చూసింది. పూస మీ ప్రాణానికి కాపలా, దాన్ని ముట్టుకోను అని ఒక్క మాట అంటే సరిపోయేది. పూసలో ఏ మాయా లేదు, తీగలోనూ ఏ మందూ లేదు అని ఇంకో మాట అంటే ఇంకా బాగుండేది. ఆ రెండో మాట అంటే నాలుగేళ్ల గౌరవం పోతుంది. "చూద్దాం" అన్నాను.

మర్నాడు, పరీక్ష కోసం తెంపిన తీగలు మళ్లీ అతికి, కటింగ్ ప్లయరు తీసుకుని నలభై ఒక్క పూసలూ తీసేసి కొసలు కలిపేశాను. సన్నాసమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఎర్ర పుస్తకంలో ఏం రాశానో ఇవాళ తీసి చూసుకున్నాను. మట్టి తీగలు సర్వీసు చేయడమైనది, అని ఉంది.

నాలుగో నమోదు. తొమ్మిదో రోజు

పార్వతీశం పొద్దున్నే నా గదికొచ్చాడు. పెట్టె లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుంటున్నాడు, మళ్లీ తీస్తున్నాడు.

"అక్కా, నాను పిన్ను బిగించినాను. నాకు గుర్తున్నాది. మరెలగ ఊడిందో తెలీదు."

"వేడికి వదులవుతుందిలే" అన్నాను.

"ఆ పొద్దున ముప్ఫైమంది ముట్టుకున్నారు ఆ కెటిలు. నాను ముట్టుకున్నాను. చిమచిమలాడినాది, అంతే. బాబాయ్‌కే ఎందుకలగ కొట్టింది?"

హాల్లో నేలంతా రబ్బరు. దాని మీద నిలబడి కెటిల్ ముట్టుకున్నవాడి ఒంట్లోంచి కరెంటు ఎటూ పోలేదు, దానికి దారి లేదు. బాబాయ్‌కి దారి ఉంది. ఎడమ చేతి నుంచి పీపాకి, పీపా నుంచి చట్రానికి, రాగితో నేను వేసిన దారి. మందు అనుకుని కట్టుకున్న తీగే ఆయన్ని పట్టి ఇచ్చింది. అతని తప్పు చిమచిమ. నా తప్పు రెండు వేళ్లు. ఇదంతా నోటి చివరిదాకా వచ్చింది.

"ముసలి ఒళ్లు కదా" అన్నాను.

అతను తలూపాడు. నా మాట నమ్మాడు. పని నేర్పింది నేనే మరి.

ఇంకో మాట కూడా చెప్పాడు. చదివే రోజున పుస్తకం చదవడం పూర్తవగానే కళాధర్ గారు నిర్ణయం ప్రకటిస్తారట. తర్వాతి ఓడలో అతన్ని కిందికి పంపేస్తారు. అతని కూతురు పుడమికి తొమ్మిదేళ్లు. ఇక్కడే పుట్టింది. కింది బరువుకి దాని కాళ్లు నిలబడవు, దాన్ని తీసుకెళ్లడం కుదరదు. వెళితే ఒక్కడే వెళ్లాలి, మళ్లీ రావడమంటూ ఉండదు.

"నాను పోతే దాని జడెవరేస్తారక్కా? దాని అమ్మకి మంచు గుంతలో పని, పొద్దున్న ఉండదు" అన్నాడు.

అతను వెళ్లాక తలుపు గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్లు వేడెక్కడం విన్నాను గానీ, ఇంతలా కాగుతుందనుకోలేదు.

అయిదో నమోదు. పదకొండో రోజు

ఇవాళ చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాజియా వచ్చి బాబాయ్ కట్టుకున్న తీగ చూడాలంది. ఎక్కడో పడిపోయిందని చెప్పాను. అది నా జేబులోనే ఉంది. నాజియా నా మొహం వైపు కాసేపు చూసి, "దొరికితే చెప్పండి" అని వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లగానే పాత పూసల డబ్బా తీసుకుని మట్టి పీపా దగ్గరికి వెళ్లాను. మిగిలిన నలభై తీగలకీ పూసలు మళ్లీ అతికి, కనిపించకుండా పైన తొడుగేశాను. ఎవరైనా అడిగితే సర్వీసు అన్నాను. అది చెయ్యాల్సిన పనే, ఆలస్యం చేస్తే ఇంకొకరు పోతారు. కానీ దొంగలా చేశాను.

మధ్యాహ్నం సన్నాసమ్మ తీగ చుట్టుకుని కళ్లు మూసుకుంది.

"సర్వీసు సేసినావేటే? ఇయ్యాల మట్టి బలంగా తగులుతున్నాది."

పూస లేనప్పుడు బాగుందన్నది ఆమే, పూస ఉన్నప్పుడు ఇంకా బాగుందన్నదీ ఆమే. ఆమెని చూసి నవ్వే అర్హత కూడా నాకు లేదు. ఆమె తనకి అనిపించింది చెప్పింది. నేను తెలిసింది చెప్పలేదు.

ఆరో నమోదు. పదమూడో రోజు

వైద్యశాలకి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. బాబాయ్ పక్క మీద కూర్చుని, కట్టు విప్పిన కుడి చేతిని ఎడమ చేత్తో తడుముకుంటున్నాడు.

"రా అమ్మా. సూడు, సూది గుచ్చినా తెలీదు. సన్న పని కదా, దారం దొరకదు నాకు." ఆగి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "ఆ తీగ తెచ్చి కట్టమ్మా. డాక్టరమ్మకి సెప్పకు. గంటసేపు కడితే వేళ్లకి తొందరగా తెలివొస్తాది."

బయటికొచ్చేశాను. నడవాలో ఆగాను. జేబులో ఆ తీగ తగులుతోంది. ఆయన్ని కాల్చిన తీగనే మందుగా తెమ్మంటున్నాడు. ఆ నమ్మకం ఆయనకి పెట్టింది నేను. ఇక ఇంకో రోజు ఈ నోటుబుక్కులో దాక్కోను.

ఏడో నమోదు. పద్నాలుగో రోజు, చదివే రోజు

రెండువందల మంది దాకా వచ్చారు. బాబాయ్‌ని చక్రాల కుర్చీలో నాజియా తీసుకొచ్చింది. పార్వతీశం వెనక వరుసలో ఉన్నాడు. పుడమి వాళ్లమ్మ పక్కన వేరే బల్ల దగ్గర కూర్చుంది.

ఎర్ర పుస్తకం తెరిచి కెటిల్ లోపం చదివాను. ఎవరి చేతి మీదుగా అన్న గడి దగ్గర ఆగాను.

"ఇక్కడ ఒక పేరు రాసి ఉంది. రాసింది నేనే. ఇది సగం లోపమే. మిగతా సగం ఇందులో లేదు" అని, ఈ నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. మూడు ఓల్టుల సంగతి, చప్పట్ల సంగతి, పూసలు తీసిన సంగతి, జేబులో తీగ సంగతి, నాజియాతో ఆడిన అబద్ధం, అన్నీ. జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టాను. పాఠంలా చదవలేకపోయాను. రెండుసార్లు ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాను.

ముందు బాబాయే మాట్లాడాడు. "పూస తియ్యమన్నది నానే కదమ్మా."

"మీరు తెలీక అడిగారు బాబాయ్. నేను తెలిసి తీశాను."

"మరి నా సేతుల నొప్పెందుకు తగ్గినాది? నాను అబద్ధమాడినానేటి?"

"అబద్ధం కాదు. గంటసేపు కూర్చున్నారు. ఆ గంటలో తొడుగులు అయ్యాయా అని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. పక్కన మనుషులున్నారు. పరీక్ష జరిగిన మూడు వారాలూ మీ తీగ తెగిపోయి ఉంది బాబాయ్. తెంపింది నేనే. ఆ మూడు వారాల్లోనే మీరు నొప్పి పూర్తిగా పోయిందన్నారు."

ఆయన తన కుడి చేతి వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. 

పార్వతీశం వెనక నుంచి నడిచి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"పిన్ను నాదే. అది నాను ఒప్పుకుంటాను. కానక్కా, కళాధర్ గారు నా పెట్టె లాక్కున్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. పది రోజులు నా గుంట పుడమి నా పక్కన కూకొని బువ్వ తినలేదు. మనిషిని కాల్చినోడినని ఎవులో దాంతో సెప్పినారంట." గొంతు తగ్గించి, "ముసలి ఒళ్లన్నావు" అన్నాడు.

క్షమించమని అడిగాను. అతను వెళ్లి వాళ్లావిడ బల్ల దగ్గర, పుడమి ఎదురుగా కూర్చున్నాడు. పిల్ల కాసేపాగి తన కంచం అతని వైపు జరిపింది.

ఆ గడిలో అతని పేరు కింద నా పేరు అందరి ముందూ రాశాను. కళాధర్ గారు ఓడ మాట ఎత్తలేదు. పార్వతీశానికి పెట్టె తిరిగిచ్చేశారు. నన్ను కిందికి పంపాలన్నవాళ్లు కొందరున్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. ద్వారాల కడ్డీల పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి ఉండమన్నారు. ఇకమీదట నేను చేసే ప్రతి పని మీదా పార్వతీశం సంతకం ఉండాలి.

ఎనిమిదో నమోదు. తర్వాతి వెలుగు పక్షం, మూడో రోజు

మట్టి పీపా నుంచి నలభై తీగలూ విప్పేశాను. పార్వతీశం వచ్చి లెక్క చూసి, నాతో మాట్లాడకుండా సంతకం పెట్టి వెళ్లాడు. సన్నాసమ్మ మోకాలి మాత్రలు మళ్లీ వేసుకుంటోంది. అయినా భోజనాలయ్యాక జనం పీపా చుట్టూ వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. కొందరు వేళ్లు మట్టిలో పెట్టి ఊరికే కదుపుతారు. నాజియా కూడా వచ్చి కూర్చుంటోంది. నన్ను చూసి ఎవరూ గారు అనడం లేదు.

బాబాయ్ వేళ్లకి స్పర్శ రాలేదు. వస్తుందని నాజియా కూడా అనడం లేదు. తొడుగులు మాత్రం ఆగవు కదా, మంచు గుంతకి రోజూ మనుషులు వెళ్లాలి. అందుకని మధ్యాహ్నాలు ఆయన గదికి వెళ్లి సాయం చేస్తున్నాను. ఇది ఎవరో వేసిన శిక్ష కాదు, ఆయన రావద్దనలేదు. నాకు కుట్టు రాదు. సూదిలో దారం ఎక్కించి, కొస ఆయన వేళ్ల మధ్య పెడతాను. కుట్టు ఎక్కడ వెయ్యాలో, ఎంత బిగించాలో ఆయన కంటితో చూసి వేస్తాడు.

ఇవాళ చిటికెనవేలు అతుకు. అన్నిటికన్నా సన్నది, ఒక్క కుట్టు తప్పినా బయట గాలి లేనిచోట తొడుగు విచ్చుకుంటుంది. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుంటూ, తొడుగు మీదనుంచి చూపు తియ్యకుండా చెయ్యి చాపాడు. దారం కొస రెండు వేళ్ల మధ్య పెట్టాను.

"పట్టుకున్నానా అమ్మా?"

చూశాను. మళ్లీ ఒకసారి చూశాను.

"పట్టుకున్నారు బాబాయ్" అన్నాను.

నా మాట నమ్మి దారం లాగాడు.